ఒక్కపొద్దు నాడు చూసిన పన్ను రంగు

2010లో శంషాబాద్‌లో ఒక పళ్ల దవాఖానలో అసిస్టెంట్‌గా ఉండేదాన్ని. బడికి పోలేదు, అమ్మ ఇంట్లో నేర్పిన చదువుతోనే దేవుడు ఆ పని చూపించాడు. పొద్దున కిటికీ తెరిస్తే మంచులోంచి విమానం తెల్లగా తేలి వచ్చేది. చప్పుడు తర్వాతెప్పుడో వినిపించేది.

కార్తీకంలో పక్కనున్న సాతంరాయి నుంచి సుజాత అనే అమ్మాయి వాళ్లమ్మతో వచ్చింది. ముందుపన్ను సగం విరిగింది. ఎయిర్‌పోర్టు లోపల బట్టల షాపులో ఉద్యోగం ఖాయమైంది, కానీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా మాట్లాడలేకపోతోంది.

"కౌంటర్ల గిట్ల నిలబడితే పనిల ఎవలుంచుకుంటరక్కా?" అంది.

డాక్టరమ్మ పన్ను అరగదీసి, క్రౌన్ కోసం, అంటే పన్ను మీద వేసే పింగాణీ తొడుగు కోసం, షేడ్ గైడ్ తీశారు. పళ్ల రంగుల నమూనాల కట్ట అది.

"ముందు పుక్కిలించమ్మా" అన్నాను.

"ఒక్కపొద్దున్న అక్కా. నోట్లె నీళ్లు పోసుకోను."

ఉపవాసాన్ని మన్నించి వదిలేశాం. అంతసేపు తెరిచి ఉంచిన నోట్లో పళ్లు ఆరిపోయి వెన్నెలలా ఉన్నాయి. ఆ రంగే రాసి, క్రౌన్ తయారుచేసే ల్యాబ్‌కు పంపాం.

క్రౌన్ వచ్చాక, సిమెంటుతో అతికించే ముందు పెట్టి చూశాం. అంచులు చక్కగా కూర్చున్నాయి. డాక్టరమ్మ ముఖం వెలిగింది.

"బాగుందా?"

"బాగుంది మేడమ్." అద్దం నాకిచ్చేసి సుజాత మళ్లీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏం బాగుందే?" అంది వాళ్లమ్మ. "గదొక్కటే సున్నమేసినట్టు కొడ్తున్నది!"

"ఊకోయే అమ్మా! ఉద్యోగంల చేరే రోజు దగ్గరవడ్డది."

డాక్టరమ్మ సుజాతను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశారు. "ఆ రోజు పళ్లు ఎండి ఉన్నాయి. తడి ఆరితే పన్ను తెల్లగా కనిపిస్తుంది, నేనే తొందరపడ్డాను. నాకు నచ్చితే ఏం లాభమమ్మా, పెట్టుకుని తిరిగేది నువ్వు" అంటూ ఆ క్రౌన్ తీసేశారు. ఇంకొకటి త్వరగా చేసిమ్మని ల్యాబ్‌కు అప్పుడే ఫోన్ చేశారు.

ఒక్కపొద్దు లేని రోజు నీళ్లు తాగి రమ్మన్నాం. కిటికీ వెలుగులో, తడి పళ్ల పక్కన నమూనాలు ఒక్కొక్కటే పెట్టి చూస్తుంటే కలలో ఉన్నట్టే అనిపించింది. చివరికి ఒకటి పళ్లలో కలిసిపోయింది: తేనెచుక్క పడిన పాల రంగు.

చేరే రోజుకు ముందే కొత్త క్రౌన్ అతికించాం. వాళ్లమ్మ వంగి చూసింది.

"కొత్తదేదే?"

"నువ్వే చెప్పు."

ఆమె పక్క పన్ను మీద వేలు పెట్టింది.

"గది నా సొంతదే అమ్మా!" సుజాత పకపకా నవ్వింది. చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి.

డాక్టరుకు ఎదురుగా 'బాలేదు' అనడానికి మనవాళ్లకు నోరు రాదని అప్పుడు తెలిసింది. అప్పటినుంచి తోడొచ్చినవాళ్లను కూడా అడుగుతాను. వాళ్లను వెంట పంపినందుకు దేవుడికి మనసులోనే దండం పెట్టుకుంటాను.