దశరథం ఓడిపోవడానికి పదిహేడు కారణాలు

సిరిసిల్ల దశరథం దగ్గర ప్రతిదానికీ ఒక సాకు తయారుగా ఉండేది. అడగకముందే ఒకటి చెప్పేవాడు, అడిగితే ఇంకోటి చెప్పేవాడు. మరమగ్గాలు ఆడే సాంచెల షెడ్డుకు ఆలస్యంగా వస్తే సూర్యుడు తొందరపడి లేచాడనేవాడు. మగ్గం మీద పోగు తెగితే పక్క వరుసలో ఎవరో తుమ్మారనేవాడు. ఒక పెళ్లికి గంట ఆలస్యంగా వచ్చి, "పంతులు గడియారం ముందుకు ఉరుకుతున్నది, నేను సక్కగనే అచ్చిన" అన్నాడు. ఆ పెళ్లి ఆయనదే. భార్య లసుమవ్వ ఆయన మాట నమ్మడం ఆ రోజుతోనే మానేసింది.

సాకు చెప్పకుండా ఆయన చేసే పని ఒక్కటే, గుద్దడం. బొంబాయి పక్కనున్న భీవండికి మగ్గాల పనికి వెళ్లి, మగ్గాలతో పాటు బాక్సింగ్ కూడా నేర్చుకొని వచ్చాడు. ఆయన గోనెసంచి మీద సాధన చేస్తుంటే గోడ అవతల నాలుగు సాంచెలు బెదిరి ఆగిపోయేవి. కరెంటు పోయిందని సాంచెల యజమానులైన ఆసాములు అనేవారు. నేను అక్కడే ఉన్నాను, కరెంటు ఉంది.

ఎనభైల నడుమ జగిత్యాలలో పోటీ పెడితే, కోరుట్ల బుచ్చయ్యను మూడు రౌండ్లలో ఓడించి చాంపియన్ అయ్యాడు. తంటా అంతా అక్కడే మొదలైంది. కాన్వెంటులో చదివిన పాపానికి ఇంగ్లీషులో ఉన్న నిబంధనల పుస్తకం నా చేతికొచ్చింది. పేరున్నవాడు ఎర్ర గ్లౌజులు తొడిగి ఎర్ర మూలలో నిలబడాలని, రెండోవాడు నీలం మూలలో నిలబడాలని, ఫలితం రంగు పేరుతో ప్రకటించాలని చదివి చెప్పింది నేనే. రెఫరీ మా బడి డ్రిల్లు మాస్టారు భూమయ్య సారు. మైకూ ఆయనదే. నిబంధన అంటే ఆయనకు ప్రాణం. దశరథం చెయ్యి పైకెత్తి, ఊరవతలికి వినబడేలా అరిచాడు:

"ఎరుపు గెలిచింది! ఎరుపు గెలిచింది!"

ఎర్ర రవికె ఆరేయడానికి కూడా ఆడవాళ్లు అటూ ఇటూ చూసే రోజులవి. ఈ ఊళ్లోకి అన్నలు, అదే నక్సలైట్లు, వచ్చారంటే ఆ ఊళ్లో పోలీసులు వచ్చేవారు, రెండు ఊళ్లూ తలుపులేసుకునేవి. సారు అన్న మాటను కాలేజీ పిల్లలు చప్పట్లు కొడుతూ అందుకున్నారు. పది నిమిషాల్లో జీపు వచ్చింది.

"ఎరుపంటే ఏంది?" అన్నాడు ఎస్సై.

"గ్లౌజులు సార్."

"ఎక్కడివి?"

"భీవండి కెల్లి అచ్చినయి సార్."

"అయితే అక్కడ గూడ మీవోళ్లు ఉన్నరన్నట్టు!"

సారును మూడు రోజులు ఠాణాలో బల్ల మీద కూర్చోబెట్టారు. ఒక దెబ్బ కూడా వేయలేదు. పంపేటప్పుడు ఎస్సై ఒకే మాట అన్నాడు: "ఇంకోపారి ఆ మాట మైకుల నా చెవిన పడిందనుకో, పంతులువని గూడ చూడ. మూడు రోజులతోని పోదు."

ఆ మాటే సారును పట్టుకుంది. అనొద్దన్న మాట నాలుకకు అతుక్కుపోయింది. హాజరు పిలుస్తూ ఎల్లన్నను "ఎర్రన్నా" అన్నాడు. బస్సులో కండక్టరు ఎక్కడికని అడిగితే "ఎర్రారెడ్డిపేట" అన్నాడు. ఎల్లారెడ్డిపేట అని కండక్టరు దిద్దేలోపే బస్సు దిగి ఇంటికి నడిచిపోయాడు.

ఇంతలో కోరుట్లవాళ్లు ఈసారి తమ ఊళ్లో మళ్లీ పోటీ పెట్టాలని పట్టుబట్టారు. రెఫరీ మళ్లీ భూమయ్య సారే, ఎందుకంటే ఈల ఆయన దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. అప్పటికి కోరుట్లకు బదిలీ అయ్యాడు కాబట్టి, అనుమతి ఇచ్చింది ఆ ఎస్సైయే. ముందు వరుసలో కుర్చీ వేసుకొని కూర్చున్నదీ ఆయనే.

పోటీకి ముందు సారు నన్ను పక్కకు లాగాడు.

"రంగులు మార్సరాదువయా? బుచ్చయ్యకు ఎర్రయి తొడుగుదాం."

అడిగి చూశాం. బుచ్చయ్య తల్లి ఐలవ్వ కొంగు నడుముకు చుట్టి అడ్డం నిలబడింది. "నాకున్నది ఒక్క కొడుకు. వానికి ఎరుపు తొడిగిండ్రంటే మీ చేతులు ఇరగ్గొడ్త!"

"పోనీ సారూ, రంగు ఇడిసిపెట్టుండ్రి. దశరథం గెలిచిండని పేరు చెప్పుండ్రి," అన్నాను.

"దారిపొడుగూత గదే అనుకుంట అచ్చిన. నోరు తెరిస్తే గా మాటే అస్తున్నది. ఏం జెయ్యాలె?"

ఆ రోజు ఎవరు గెలవాలో నాకు తెలియలేదు. నేను దశరథం మూలలో తువ్వాల పట్టుకొని నిలబడ్డవాణ్ని. నా మనిషి ఒక్కో గుద్దు వేస్తుంటే నా గుండె ఒక్కో మెట్టు దిగుతోంది. మొదటి రౌండు దశరథానిది. రెండోదీ ఆయనదే. బుచ్చయ్య ముక్కు టమాటాలా ఉబ్బింది. ఎస్సై జేబులోంచి కలం తీసి చేత పట్టుకున్నాడు.

విరామంలో దశరథం స్టూలు మీద కూర్చొని అటు చూశాడు.

"సారు నోరేంది, గట్ల కొట్టుకుంటున్నది?"

"నువ్వు గెలిస్తే అననీకి మాట వెతుక్కుంటున్నడు."

"దొరకలేదా?"

"ఒక్కటే దొరికింది. వద్దన్నదే."

దశరథం ఎస్సై చేతిలోని కలం వైపు చూసి, తన ఎర్ర గ్లౌజుల వైపు చూసుకున్నాడు. ఆయన నోట సాకు రాని నిమిషం నా ఎరుకలో అదొక్కటే. నాకు ఇంకా భయమేసింది.

మూడో రౌండులో బుచ్చయ్య కళ్లు మూసుకొని చెయ్యి విసిరాడు. ఆ గ్లౌజు దశరథం దవడను తాకిందో లేదో దేవుడికే తెలియాలి. ఈగ వాలినా అంతకన్నా బరువుగా వాలుతుంది. దశరథం మాత్రం గాల్లోకి లేచి, ఒక పల్టీ కొట్టి, నా కాళ్ల దగ్గర వెల్లకిలా పడ్డాడు. సారు పది ఎంచాడు. మైకు దగ్గరికి నడవలేదు, ఎగిరి దూకాడు.

"నీలం గెలిచింది! నీలం! నీలమే!" ఎస్సై దగ్గరికి వెళ్లి మైకు లేకుండా ఇంకోసారి చెప్పాడు. ఎస్సై కలం జేబులో పెట్టుకొని చాయ్ తెప్పించుకున్నాడు.

బుచ్చయ్య బిత్తరపోయి వచ్చి, "అన్నా, నిజంగ తాకిందా?" అన్నాడు. 'అన్నా' అన్న పిలుపుకు ఎస్సై తల తిప్పాడు. "అదే, కాకా!" అని దిద్దుకున్నాడు బుచ్చయ్య.

"తాకుడా? నీ చెయ్యి గాదురా అది, సుత్తె," అన్నాడు దశరథం. జీవితంలో సాకు లేకుండా ఆయన చెప్పిన మాట ఇదొక్కటే. అదీ అబద్ధం.

ఇక ఆ తర్వాత మొదలైంది. కోరుట్ల బస్టాండులో అడిగినవాళ్లకు, మెట్‌పల్లి నుంచి వచ్చిన పసుపు బస్తాల లారీ దుమ్ము కళ్లలో పడిందన్నాడు. జగిత్యాల చాయ్ హోటల్లో, లసుమవ్వ వంకాయ కూరలో ఉప్పు మరిచిందన్నాడు. ఇది విని లసుమవ్వ రెండు రోజులు కూరంతా ఉప్పుతోనే వండింది. సిరిసిల్లకు వచ్చేసరికి కొత్తది కట్టాడు: "నాకు సాంచెల సప్పుడుల గుద్దుడు అలవాటు. కోరుట్లల సప్పుడు లేదు. తాళం లేంది చెయ్యెట్ల లేస్తది?" ఆసాములు నిజమేనని తల ఊపారు. నెల తిరిగేసరికి పదిహేడు కారణాలు ఊళ్లో తిరుగుతున్నాయి. పసుపు పక్షంవాళ్లు, ఉప్పు పక్షంవాళ్లు షెడ్లలో కొట్లాడుకున్నారు. కావాలని పడ్డాడేమో అని ఆలోచించడానికి ఒక్కరికీ తీరలేదు.

తీరింది ఒక్క భూమయ్య సారుకే. ఒక ఆదివారం పూట కోవా పొట్లం పట్టుకొని దశరథం ఇంటికి వచ్చాడు. నేనూ ఉన్నాను. సారు గడపలోనే నిలబడి, తల దించుకొని అడిగాడు:

"దశరథం, నిజం జెప్పు. నా కోసమే పడ్డవు గదా?"

దశరథం పొట్లం వైపు చూశాడు, సారు వైపు చూశాడు.

"సారూ, ఇంటికచ్చిండ్రు గాబట్టి జెప్తున్న. నేను ఏడుకే లేద్దుననుకున్న. మీరు ఏడు తర్వాత సక్కగ తొమ్మిదికి పోయిండ్రు. ఎనిమిది ఏమైంది?"

సారు తల లేచింది. "ఎనిమిది నేను ఎంచలేదా?"

"లేదు."

"ముప్పై ఏండ్ల నుంచి పోరగాండ్లకు అంకెలు జెప్తున్న! నేను ఎనిమిది మింగిన్నా?"

"మింగిండ్రు సారూ. అందుకే నా కప్పు పోయింది."

"నువ్వు మనిషివి గాదు!" అని సారు కోవా పొట్లం తన చంకలోకి లాక్కొని, చెప్పులు విసురుగా తొడుక్కొని, వాడకట్టంతా వినబడేలా "ఒకటీ, రెండూ, మూడూ..." అని ఎంచుకుంటూ వెళ్లిపోయాడు. నెల రోజులుగా వంగిన నడుము నిటారుగా ఉంది. మూలమలుపు దగ్గర "ఎనిమిదీ!" అని అరిచిన అరుపుకు పక్క షెడ్డులో సాంచె ఆగింది.

దశరథం నా వైపు తిరిగి నిట్టూర్చాడు.

"కప్పు పాయె, కోవా సుత పాయె అని సూస్తున్నవా? ఆకలి లేకుండె."