దియ ఊఁ కొట్టిన ఇరవై ప్రశ్నలు

షామ్‌బర్గ్‌లో రేణుతో పెట్టుకుని బాగుపడ్డవాళ్లెవరూ లేరు. ఆవిడ సాఫ్ట్‌వేర్ టెస్టర్. అంటే, పక్కవాళ్లు రాసినదాంట్లో తప్పులు పట్టి జీతం తీసుకునే మనిషి. ఆ గుణం ఆఫీసులోనే వదిలేసి రావచ్చుగా? రాదు. షాంపూ సీసా మీది అక్షరాలు కూడా చివరిదాకా చదివాకే తలకి రాసుకుంటుంది. మొగుడు కృష్ణమోహన్ ఈ సంగతి పెళ్లైన వారానికే గ్రహించాడు. అప్పట్నుంచీ ఆవిడ ఏం చెప్పినా ఊఁ కొడుతూ కాలక్షేపం చేస్తున్నాడు.

వీళ్ల కూతురు దియకి ఏడేళ్లు. అన్నీ అర్థమవుతాయి గానీ జవాబు మాత్రం నోరు దాటి రాదు. బడిలో స్పీచ్ థెరపిస్టు వారానికో గంట కూర్చోబెట్టి మాటలు పలికిస్తుంది. ఆ గంట ఐఈపీ అనే కాగితాల్లో రాసి ఉంటుంది. ఇలాంటి పిల్లలకి ఒక్కొక్కరికీ విడివిడిగా రాసే చదువు ప్రణాళిక అది. ఏడాదికోసారి మీటింగు పెట్టి తిరగరాస్తారు. ఆ మీటింగులో చూడబోయే కాగితాలన్నీ మూడు బడిరోజుల ముందే తల్లిదండ్రుల చేతిలో పెట్టాలని ఇల్లినాయ్ రాష్ట్ర చట్టం.

ఆ చట్టం రాసినవాళ్లకి రేణు సంగతి తెలీదు పాపం. తెలిస్తే మూడు గంటలు చాలనేవారు.

కాగితాలొచ్చాయి. ఇరవైరెండు పేజీలు. పందొమ్మిదో పేజీలో దొరికింది అసలు సంగతి. గంటని అరగంట చేస్తారట. ఏమంటే, దియ బాగా మెరుగుపడిందట. అవునా కాదా అని అడిగిన ఇరవై ప్రశ్నల్లో పద్దెనిమిదింటికి సరైన జవాబిచ్చిందట!

ఇంట్లో "పెరుగు వెయ్యనా?" అంటేనే తేల్చి చెప్పని పిల్ల! రేణు కింద పట్టిక చూసింది. పద్దెనిమిది ప్రశ్నలకి అవుననాలి, రెండింటికి కాదనాలి. దియ మాత్రం ఇరవైకీ ఒకటే అంది: "మ్‌హ్మ్".

"ఏవండీ, ఇది మీ ఊఁ!"

"ఊఁ," అన్నాడు కృష్ణమోహన్, లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండానే.

"అదే! అదే అంటించారు పిల్లకి. వింటున్నా చెప్పు అని మనం ఊఁ కొడతామా, తనూ అక్కడ అదే కొట్టింది. వాళ్లు యెస్ అని టిక్ పెట్టేసుకున్నారు. పిల్ల థెరపీ సగం పోతోందిక్కడ!"

"ఈమెయిల్ పెట్టు మరి."

"ఈమెయిలా? చూస్తూ ఉండండి."

ఇన్సూరెన్స్ వాళ్లతో ఇంగ్లీషులో గంటలకొద్దీ పోట్లాడి నెగ్గే మనిషి, బడికి ఏమని రాసిందో తెలుసా? మా మాతృభాష తెలుగు, మీటింగుకి ఇంటర్‌ప్రిటర్ కావాలి అని. అలా అడగడమూ తల్లిదండ్రుల హక్కే. బడివాళ్లు హడావుడిగా వెతికి లక్ష్మీకాంతం గారనే పెద్దావిడని పట్టుకొచ్చారు. గదిలో ఎవరు ఏమన్నా రెండో భాషలో చెప్పడమే ఆవిడ పని.

మీటింగుకి రేణు మొగుడితో పాటు దియని కూడా తీసుకెళ్లింది. పిల్ల ఓ మూల కూర్చుని బొమ్మకి రంగులేసుకుంటోంది. మీటింగు నడిపే మేడమ్ "పద్దెనిమిది" అని మురిసిపోతూ చదవగానే, రేణు అటు తిరిగింది.

"దియా, నువ్వు పిల్లివా?"

లక్ష్మీకాంతం గారు ప్రశ్నని ఇంగ్లీషులో చెప్పారు.

"ఊఁ," అంది దియ.

"వింటున్నాను, చెప్పు అంటోంది," అని అదీ ఇంగ్లీషులో చెప్పారావిడ.

"బూట్లు తింటావా?"

"ఊఁ."

"వింటున్నాను, చెప్పు."

"డాడీని ఆఫీసుకి నువ్వే డ్రైవ్ చేస్తావా?"

"ఊఁ."

గదంతా గొల్లుమంది. కృష్ణమోహన్ కూడా నవ్వాడు. రేణు నవ్వబోయి ఆగిపోయింది. కన్నబిడ్డకి ఏం రాదో నలుగురిలో చూపించి నెగ్గాల్సి వచ్చింది. ఛీ, ఇదేం గెలుపు అనుకుంది.

పైగా మేడమ్ ఇంకా పట్టు వదల్లేదు. "ఒప్పుకుంటాను, కానీ అరగంటతో ఓసారి ప్రయత్నించి చూద్దాం," అంది.

థెరపిస్టు అమ్మాయి ముఖం ఎర్రబడింది. ఆ టిక్కులు పెట్టింది తనే మరి. లేచి వెళ్లి దియ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"దియా, ఇకనుంచి మనిద్దరం కొంచెంసేపే కూర్చుందామా?"

లక్ష్మీకాంతం గారు తెలుగులో చెప్పారు. ఇక ఊఁ అనేస్తుందని కృష్ణమోహన్ కళ్లు మూసుకున్నాడు.

దియ క్రేయాన్ కింద పెట్టింది. థెరపిస్టు ముఖంలోకి చూసింది. తల అడ్డంగా ఊపింది.

"ఊహూఁ."

"నో," అన్నారు లక్ష్మీకాంతం గారు.

థెరపిస్టు బల్ల దగ్గరికొచ్చి మేడమ్ ముందున్న కాగితం తన వైపు లాక్కుంది. అరగంట కొట్టేసి గంట అని రాసింది. సరైన జవాబులు పద్దెనిమిది అన్నది కూడా కొట్టేసి, దాని పక్కన "ఒకటి" అని వేసింది.