శనివారం అయిదున్నరకు గుడ్ మార్నింగ్

మా కాంపౌండరు మావ పోయిన మంగళవారం మధ్యాహ్నం కన్నుమూశాడు. కబురు చెప్పింది జీడిబట్టీలో పిక్కలు కొట్టే రాములమ్మ. ఫోన్లో, "అమ్మా, మావ పోనాడు. బువ్వ తిని తొంగున్నాడు, మరి లెగలేదు" అంది. ఆ వెంటనే, "మరి శనివారం సంగతేటి?" అని అడిగింది. మనిషి పోయిన కబురు చెప్పిన నోటితోనే అలా అడిగితే ఎవరికైనా కోపం రావాలి. నాకు రాలేదు, ఎందుకంటే నా బుర్రలోనూ అదే తిరుగుతోంది.

మావ నాకు చుట్టం కాదు. టెక్కలి వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేశాడు. మూడో ఏట పోలియో వచ్చి నా ఎడమకాలు చచ్చుబడితే, మా అమ్మ నన్ను చంకనేసుకుని ఆ ఆసుపత్రికే తీసుకెళ్ళేది. కాలికి ఇనుప పట్టీలు బిగించి, వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నన్ను నడిపించింది మావే. ఏడిస్తే ఊరుకోమనేవాడు కాదు. "నొప్పిని తిట్టు, కాలుని తిట్టకు. కాలు నీదే" అనేవాడు. మా వీధిలో ఉన్నన్ని తిట్లూ నేను ఆ వరండాలోనే నేర్చుకున్నాను. అన్నీ నొప్పినే తిట్టాను.

పెద్దయ్యాక కాశీబుగ్గలో ఎస్టీడీ బూత్ పెట్టుకున్నాను. అప్పటికి మావ రిటైరై, ఇక్కడే బట్టీల వెనక వీధిలో ఉంటున్నాడు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో మందుల చీటీల పుస్తకం. ఆసుపత్రి మానేసినా ఆ పుస్తకం మానలేదు. కూరగాయలు కూడా అందులోనే, ఉదయం ఒకటి సాయంత్రం ఒకటి అన్నట్టు రాసుకునేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక బూత్‌లో రెండు కంప్యూటర్లు పెట్టి 'ఇంటర్నెట్' అని బోర్డు కట్టాను. పరీక్షల ఫలితాల కోసం పిల్లలు వచ్చేవాళ్ళు, ఉద్యోగాల దరఖాస్తుల కోసం పెద్దవాళ్ళు వచ్చేవాళ్ళు. ఒక సాయంత్రం మావ వచ్చి, బోర్డు రెండుసార్లు చదివి, లోపలికొచ్చి కూర్చున్నాడు.

"ఇందులో అమెరికా రేడియో వత్తాదంట, నిజమేనేటి?"

"వస్తుంది మావా. ఏం కావాలి?"

"పాతవి. కంట్రీ పాటలు."

"కంట్రీ అంటే నాటువా?"

"నాటువే. ఆళ్ళకి మాత్రం మన ఉద్దానంలాటి పల్లెలు ఉండవేటి? ఆవులు, గొడ్లు, వాన రాకపోడం, ఊరొగ్గీసి పోడం. ఆ పాటలు."

ఆ పాటలు మావకి అత్త ద్వారా వచ్చాయి. అత్త అంటే మావ భార్య. మిషన్ బంగ్లాలో డాక్టరమ్మ దగ్గర వంట చేసేది. ఆ డాక్టరమ్మ అమెరికాలో ఏదో పల్లెటూరి రైతుబిడ్డట. వంట జరుగుతున్నంతసేపూ గ్రామఫోను మీద తన ఊరి పాటలు పెట్టుకునేదట. దేశం వెళ్ళిపోతూ ఆ గ్రామఫోనూ రికార్డులూ అత్తకి ఇచ్చేసింది. వాటిలో ఒక పాట అంటే అత్తకి ప్రాణం. అమ్మేసిన ఆవు కోసం ఒక రైతు పాడుకునే పాట. అత్తకి ఇంగ్లీషు రాదు. ఆవు సంగతి మావ చెబితే తెలుసుకుని, మాటలు వదిలేసి, రాగం ఒక్కటే ఉంచుకుంది.

బంగ్లా మూతపడ్డాక అత్త జీడిబట్టీలో చేరింది. కర్రతో పిక్కలు కొడుతూ ఆ రాగం తీసేది. పక్కన కూర్చున్నవాళ్ళు అందుకున్నారు, వాళ్ళ పక్కవాళ్ళూ అందుకున్నారు. కర్రల టకటక మీద ఆ రాగం భలే కుదిరేది. తర్వాత ఒక తుఫానుకి మావ ఇంటి గోడ కూలి గ్రామఫోను, రికార్డులు దాని కింద పడి నుగ్గయిపోయాయి. ఆ మరుసటేడు అత్త జ్వరంతో పోయింది. రాగం మాత్రం బట్టీలో ఉండిపోయింది. అది ఎక్కడి పాటో అక్కడి ఆడవాళ్ళకి తెలియదు, అత్త పాట అనే అనుకునేవాళ్ళు. అసలు పాటని అత్త పేరు మీద ఒకసారి వాళ్ళకి వినిపించాలని మావ కోరిక. అంతకుమించి ఆయన ఇంటర్నెట్టుని ఏమీ అడగలేదు.

"పాట పేరు తెలుసు కదా మావా, అదొక్కటీ వెతికి దింపేస్తాను" అన్నాను.

ఒప్పుకోలేదు. "మనం ఎట్టుకుంటే అది పాట. దానంతటది వత్తే సుట్టం. సుట్టాన్ని ఎవులైనా దింపుకుంటారేటి?"

అప్పటి నుంచి ప్రతి శనివారం సాయంత్రం రేడియోల వేట మొదలైంది. టెలిఫోను లైను మీద నడిచే నెట్టు. ఒక స్టేషను పట్టుకుంటే అయిదు నిమిషాలు బఫరింగ్, రెండు నిమిషాలు పాట. 'పాత కంట్రీ' అని పేరు పెట్టుకుని నిన్నగాక మొన్నటి పాటలు వేసేవాళ్ళే ఎక్కువ. మావ పాట మొదలవగానే పట్టేసేవాడు. "ముందు డప్పు మోగిందంటే కొత్తది, ముందు తీగ మోగిందంటే పాతది. మార్చు" అనేవాడు. ఎక్కువసార్లు నిజమే అయ్యేది. చీటీల పుస్తకంలో స్టేషన్ల పేర్లు రాసి, పక్కన రోగం రాసేవాడు. ఒకదానికి 'ప్రకటనలు అధికం', ఒకదానికి 'మధ్యలో ఊపిరాడదు', ఇంకొకదానికి 'చనిపోయింది' అని ఉండేవి.

నాలుగో నెలలో ఒకటి దొరికింది. అక్కడి ఏదో చిన్న ఊళ్ళో రైతుల కోసం నడిచే స్టేషను. ఒక పెద్దాయన గొంతు. ముందు వాన కబురు చెప్పేవాడు, తర్వాత దూడల ధరలు, తర్వాత ఊళ్ళో ఎవరు పోయారో, ఖననం ఎప్పుడో. అవన్నీ అయ్యాక శనివారం పొద్దున్న వాళ్ళ టైము ఏడు నుంచి ఎనిమిది దాకా శ్రోతలు కోరిన పాటలు. మనకి అది సాయంత్రం ఆరున్నర. చావు కబుర్లు కూడా రేడియోలో చెబుతారా అని నేను ముఖం చిట్లిస్తే, "ఊరన్నాక ఎవులు పోనారో సెప్పాల కదా" అన్నాడు మావ. ఆ స్టేషను పక్కన ఏ రోగమూ రాయలేదు. చలికాలమంతా శనివారం శనివారం ఆ గొంతు విన్నాడు. వాళ్ళ దూడల ధర పడిపోతే ఈయన దిగులుపడేవాడు.

చివరికి ఒకరోజు పాట కోరుతూ ఉత్తరం రాసుకొచ్చాడు, మెయిల్లో పంపమని. మన రేడియోకి కార్డు ముక్క రాసినట్టే రాశాడు. పాట పేరు ఒక వరస. కోరినవారి పేర్లు పదిహేను. మొదటి పేరు అత్తది, తర్వాత బట్టీ ఆడవాళ్ళు పద్నాలుగు మందివీ, కింద 'కాశీబుగ్గ, పలాస, శ్రీకాకుళం జిల్లా'. తన పేరు లేదు.

"మావా, అత్త పోయింది కదా. బతికున్నట్టు మొదటి పేరు వేస్తే ఎలా?"

"పాట కోరింది ఎవులు? అదే కదా. కోరినోల పేరు ముందుండాల. బతికున్నాదా లేదా అని రేడియో ఏనాడైనా అడిగిందేటి?"

ఇంగ్లీషులోకి మార్చి పంపాను. మూడో రోజుకే జవాబు. వచ్చే శనివారం మొదటి పాటగా వేస్తానని ఆ పెద్దాయనే రాశాడు. చదివి వినిపిస్తే మావ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఇంకోసారి చదవమన్నాడు.

ఆ శనివారం బట్టీలో పని ఆరింటికి దిగింది. పద్నాలుగు మందీ చేతులు కొబ్బరినూనెతో, బూడిదతో తోముకుని వచ్చారు. జీడి తొక్కల నూనె అంటిన నలుపు ఎంత తోమినా పోదు, అయినా తోముకున్నారు. కొందరు పూలు పెట్టుకున్నారు. బూత్‌లో నిలబడ్డానికి చోటు లేదు. కరెంటు ఉంది, లైను దొరికింది, స్టేషను పలికింది. సరిగ్గా ఆరున్నర.

పాట రాలేదు. ఎవరో కుర్ర గొంతువాడు ట్రాక్టర్ల గురించి మాట్లాడుతున్నాడు. అయిదు నిమిషాలు చూశాం, పది చూశాం. మావ స్పీకరు దగ్గరికి వంగి విని, నెమ్మదిగా అన్నాడు.

"అమ్మా, ఎనిమిది దాటీసిందంటాడు వీడు."

వేసవి వస్తోందంటే ఆ దేశంవాళ్ళు గడియారం గంట ముందుకి తిప్పుకుంటారని నాకు తెలియదు. అంతకుముందు ఆదివారమే తిప్పారు. మా పాట మాకంటే గంట ముందే వచ్చి, పదిహేను పేర్లూ చదివించుకుని వెళ్ళిపోయింది. చుట్టం వచ్చి, తాళం చూసి వెళ్ళిపోయాడు. తాళం వేసింది నేనే. లెక్క చూసింది నేను, ఆరున్నరకు రమ్మంది నేను.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. రాములమ్మ, "పేర్లైతే సదివీసినాడు కదా, అంతే సాలు" అంది. అందరూ వెళ్ళాక నేను బల్ల మీద తలపెట్టి ఏడ్చాను. మావ ఎదురుగా కూర్చుని, చిన్నప్పటిలాగే ఊరుకోమనలేదు. చివర్లో మాత్రం, "గడియారాన్ని తిట్టు. నిన్ను తిట్టుకోకు" అన్నాడు.

మర్నాడు మావకి చెప్పకుండా ఆ పెద్దాయనకి రాశాను. జరిగింది జరిగినట్టు రాశాను, గడియారంతో సహా. ఒక్క సంగతి మాత్రం రాయలేదు, అత్త లేదని. మళ్ళీ వేస్తానని, ఈసారి మన టైము అయిదున్నర అని, తానే లెక్క చూసి రాశాడు. కానీ అయిదున్నరకి బట్టీలో పని ఉంటుంది. పాట కోసం పద్నాలుగు మందిని వదిలే యజమాని ఎవరుంటారు?

నేను ఎస్టీడీ బూత్ మనిషిని. ఈ ఊళ్ళో ఎక్కడి గొంతుని ఎక్కడికైనా చేర్చడం నా పని. అది గుర్తు రావడానికి మాత్రం నాకు రెండు రోజులు పట్టింది. బట్టీ గుమాస్తా గదిలో లౌడ్‌స్పీకరున్న ఫోను ఉంది. యజమానిని అడిగాం. "చేతులు ఆగకూడదు. చెవులు మీ ఇష్టం" అన్నాడు. నా దగ్గర రెండు లైన్లు. ఒకటి అమెరికా నుంచి రేడియోని తెస్తే, రెండోది దాన్ని మా వీధి చివర బట్టీ దాకా మోసింది. కంప్యూటరు స్పీకరు ముందు రిసీవరు పట్టుకుని కూర్చున్నాను. మావ నా పక్కన కూర్చున్నాడు.

అయిదున్నరకి పెద్దాయన పేర్లు చదివాడు. ఒక్క పేరూ సరిగ్గా పలకలేదు. ప్రతి పేరుకీ రిసీవర్లోంచి నవ్వులు, వెనక కర్రల టకటక. అన్నిటికంటే ముందు అత్త పేరే చదివాడు. ఆ పేరునీ పాడుచేశాడు. పేరు చదివి, "గుడ్ మార్నింగ్" అన్నాడు.

"గుడ్ మార్నింగ్ అండి" అన్నాడు మావ, స్పీకరుకి. చేతులు కట్టుకుని, మెల్లగా.

అప్పుడు తీగ మోగింది. పాట నాకు ఎక్కువ అర్థం కాలేదు. రాగం మొదలవగానే రిసీవర్లో నవ్వులు ఆగాయి. కర్రలు ఆగలేదు. పద్నాలుగు గొంతులు ఆ రాగాన్ని అందుకున్నాయి. రెండు నిమిషాలు దాటాక నెట్టు తెగిపోయింది. అవతల బట్టీలోవాళ్ళకి అది తెలియనే లేదు, పాట పూర్తయ్యేదాకా పాడేశారు. మావ చివరిదాకా విని, చీటీల పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. అది నేను అడగలేదు, ఆయన చూపించలేదు.

ఆ తర్వాత ఇన్నేళ్ళలో మావ శనివారం మానలేదు. బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది, ఎస్టీడీ పోయింది, బఫరింగ్ తగ్గింది, మావకి చెవుడు పెరిగింది. ఈ మధ్య స్పీకరు మీద అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు. ఏడాదికి రెండుసార్లు మాత్రం, వీధి మొదట్నుంచే, "అమ్మా, ఆళ్ళు గడియారం తిప్పీసినారు, సూసుకో" అని కేకేసుకుంటూ వచ్చేవాడు. ఒక్కసారీ తప్పలేదు.

బుధవారం మావని సమాధి చేశాం. పాస్టరుగారు ప్రార్థన చేశారు, సంఘం వాళ్ళు కీర్తన పాడారు. ఇంట్లో ఆ చీటీల పుస్తకం దొరికితే నాకిచ్చారు. బట్టీకి పాట వినిపించిన ఆ శనివారం పేజీ వెతికాను. స్టేషను పేరు పక్కన మావ రాసింది ఒక్క ముక్కే. 'నయమైంది.'

ఆ రోజు సాయంత్రమే స్టేషనుకి మెయిల్ రాయడానికి కూర్చున్నాను. పోయినవాళ్ళ పేర్లు చెబుతారు కదా, మావ పేరూ చెప్పమందామనుకున్నాను. రెండు వాక్యాలు రాసి కొట్టేశాను. మావ పద్ధతి అది కాదు. పాట పేరు రాసి, కోరినవారి జాబితాలో మొదట మావ పేరు, పక్కన అత్త పేరు, తర్వాత బట్టీ ఆడవాళ్ళవి, చిట్టచివర నాది రాశాను.

నిన్న శనివారం. రాములమ్మ పని దగ్గరే సెల్‌ఫోను స్పీకరు పెట్టుకుంది. నేను అయిదింటికే స్టేషను పట్టుకుని, ఆమె ఫోనుకి లైను కలిపి, గడియారం రెండుసార్లు చూసుకుని, మావ కుర్చీ స్పీకరు దగ్గరికి జరిపి పెట్టాను. ఆ పెద్దాయన గొంతు కూడా వణుకుతోంది ఇప్పుడు. వాన కబురు, దూడల ధరలు, వాళ్ళ ఊళ్ళో పోయినవాళ్ళు. ఆ పేర్లలో మావ లేడు. తర్వాత పాట కోరినవాళ్ళు. మావ పేరునీ అందరి పేర్లలాగే విరిచి చదివి, "గుడ్ మార్నింగ్" అన్నాడు.

నేను జవాబు చెబుదామని నోరు తెరిచాను. నాకంటే ముందే, ఫోన్లోంచి, ఆగని కర్రల చప్పుడు మధ్య, ఆడవాళ్ళందరూ ఒక్కసారే అన్నారు.

"గుడ్ మార్నింగ్ అండి."