గుమ్మానికి వేపమండలు

నా చిన్నప్పుడు మా ఇంట్లోకి వేపరెమ్మ రావడానికి వీల్లేదు. పెరట్లో గొడుగులాంటి వేపచెట్టు ఉండేది, మా స్నానాలన్నీ దాని నీడనే, అయినా ఒక్క రెమ్మ గడప దాటకూడదు. ఉగాది పచ్చడికి కావలసిన పువ్వుని కూడా మా అమ్మ చెట్టు కిందే చేటలోకి దులుపుకుని తెచ్చుకునేది. ఇది మా నాయనమ్మ పెట్టిన కట్టడి. మా నాన్న తర్వాత పుట్టిన ఆడపిల్ల, అంటే నాకు మేనత్త కావలసిన మనిషి, అప్పటి నా వయసులోనే అమ్మవారు పోసి చనిపోయింది. ఆ రోజుల్లో మశూచిని ఎవరూ ఆ పేరుతో పిలిచేవారు కాదు. తల్లి వచ్చింది అనేవారు, గుమ్మానికి వేపమండలు కట్టేవారు, ఆ మండలు చూసినవాడెవడూ ఆ ఇంటి గడప తొక్కేవాడు కాదు. కూతురు పోయిన నాటినుంచీ మా నాయనమ్మ ఆ మాట నోట అనలేదు. బజార్లో ఏ గుమ్మానికైనా మండలు కనిపిస్తే, ఎంత ఎండైనా సరే, చుట్టు తిరిగి ఇంకో వీధిలోంచి వచ్చేది.

మేం గుంటూరులో మిరపకాయల కొట్ల వెనక వీధిలో ఉండేవాళ్ళం. మా ఎదురిల్లు పరుపులు కుట్టే సాయిబు గారిది. ముందు గదిలో కొట్టు, వెనక గదిలో కాపురం. తెల్లారేసరికి ఆయన దూదేకే విల్లు టంగు టంగుమని మోగడం మొదలయ్యేది. ఆయన మా నాయనమ్మని అక్కయ్యా అనేవాడు, ఆవిడ ఆయన్ని ఏరా సాయిబూ అనేది. పొద్దస్తమానం ఇద్దరికీ తగాదాయే. దూది దుమ్ము మా గుమ్మంలోకి వస్తోందని ఈవిడ, మీ మిరపకాయల ఘాటుకి నా దూది తుమ్ముతోందని ఆయన.

ఆ ఏడు ఊళ్ళో పెద్ద గొడవలయ్యాయి. దేనిమీద మొదలయ్యాయో పెద్దయ్యాక నేను ఎందరినో అడిగాను, తలొక మాట చెప్పారు. పొద్దున జెండాలు పట్టుకుని ఊరేగింపుగా వెళ్ళినవాళ్ళు వేరు, మధ్యాహ్నం కిరసనాయిలు డబ్బాలతో, ఖాళీ గోనెసంచులతో బయల్దేరినవాళ్ళు వేరు అని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. ఆ రెండో రకం వాళ్ళకి కులం, మతం, పార్టీ ఏమీ పట్టలేదు. తలుపు మెత్తగా ఉన్న కొట్టు కనిపిస్తే చాలు. మా నాన్న పత్తి కొనుగోలు మీద వినుకొండ వెళ్ళి, బస్సులు ఆగిపోయి అక్కడే చిక్కుకుపోయాడు. ఇంట్లో నాయనమ్మ, అమ్మ, నేను.

బజారు వైపు నల్లగా పొగ లేచింది. బట్టల కొట్టు దోచి తగలబెట్టారని, ఇక మన వీధిలోకే వస్తున్నారని ఎవరో అరుచుకుంటూ పరిగెత్తారు. వీధి పొడుగునా తలుపులు మూసుకున్నాయి. మా అమ్మ కూడా గడియ పెట్టబోతుంటే మా నాయనమ్మ ఆపి ఎదురింటి వైపు చూసింది. సాయిబు గారు బిందెలతో నీళ్ళు తెచ్చి దూది మీద చల్లుతున్నాడు. కొట్టు నిండా పైకప్పు దాకా దూది, అక్కడొక నిప్పురవ్వ పడితే చాలు. వెనక గదిలో ఆయన కోడలు పచ్చి బాలింత, పక్కలో మగపిల్లాడు. పురిట్లో చాలా నెత్తురు పోయింది, మంచం మీంచి కదిలిస్తే మనిషి దక్కదని మంత్రసాని చెప్పి వెళ్ళింది. ఆ గదికి వేరే దారి లేదు. లోపలికైనా బయటికైనా కొట్టు మధ్యలోంచే పోవాలి.

మా నాయనమ్మ పెరట్లోకి వెళ్ళి వేపకొమ్మలు చేతులతో విరుచుకుని, చంకనిండా పెట్టుకుని ఇంట్లోంచే నడిచి వచ్చింది. ఆవిడ ఆ గడప దాటుతుంటే మా అమ్మ నోరు కొట్టుకుంది. మండలు సాయిబు గారి గుమ్మానికి కట్టించాక వెనక్కి తిరిగి, నన్ను రమ్మని చెయ్యి ఊపింది. మండలొక్కటే చూస్తే నమ్మరట, మనిషి కనపడాలట.

అప్పుడు మా అమ్మ అత్తగారికి ఎదురుచెప్పడం మొదటిసారి విన్నాను. "వద్దత్తయ్యా. ఆ తల్లితో ఆటలేంటి? రేపు పిల్లకి నిజంగా వస్తే?"

"రావచ్చే. కాదని నేనన్లేదు," అంది నాయనమ్మ. "రేపటి సంగతి నాకు తెలీదు. ఆ మంచం మీది పిల్ల మాత్రం ఇప్పుడే పోద్ది."

సాయిబు గారు కూడా చేతులు జోడించి, పసిదాంతో వద్దక్కయ్యా అన్నాడు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి లాగింది. మా అమ్మ ఏడుస్తూ లోపలికి వెళ్ళి పసుపు తెచ్చింది.

నన్ను కొట్టు గుమ్మంలో చాప మీద వేపాకు పరిచి పడుకోబెట్టారు. ముఖానికీ చేతులకీ పసుపు పూసి, మెడ దాకా తెల్లబట్ట కప్పారు. నాయనమ్మ నా తల దగ్గర కూర్చుని వేపమండతో విసురుతూ, ఏం జరిగినా కళ్ళు తెరవమాకు అంది. ఆ తర్వాతదంతా నేను చెవులతో విన్నదే. ముందు అరుపులు, తర్వాత ఏదో తలుపు పగిలిన చప్పుడు, తర్వాత చాలా కాళ్ళు. కిరసనాయిలు వాసన ముక్కుకి తగిలింది. నా పక్కనే అడుగులు ఆగిపోయాయి.

"ఎవరికి మామ్మా?" అంది ఒక గొంతు.

"నా మనవరాలికి నాయనా. తల్లొచ్చింది." ఆ మాట ఆవిడ నోట వినడం నాకు అదే మొదలు. "పరుపులు కావాలా? తీసకపోండి. అన్నిటి మీదా పొర్లించాం పిల్లని."

ఎవరో చెప్పులు విడిచిన చప్పుడైంది. వెనకనుంచి ఇంకొకడు, "ముసల్ది నాటకం ఆడతందిరా, ఆ బట్ట తీసి చూపించమను," అని అరిచాడు. విసురుతున్న మండ ఆగిపోయింది.

"నేనెందుకు? నువ్వే వచ్చి తియ్యి," అంది నాయనమ్మ.

లోపల పసివాడు కేరుమన్నాడు. ఎవరూ కదల్లేదు. అప్పుడు మొదటి గొంతే, "ఒరేయ్, ఇంట్లో పిల్లలున్నోడివి, ఇవతలికి రా," అంది. కాళ్ళన్నీ వెనక్కి తిరిగాయి. మా వీధి చివరి కిరాణా కొట్టు మాత్రం దక్కలేదు. దాన్ని కూడా కాపాడాల్సింది, ఇంకో రెండు మండలు కట్టాల్సింది అని నాయనమ్మ చాలా కాలం బాధపడింది.

గండం గడిచింది కదా అని నేను లేచి కూర్చుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. సాయిబు గారు మండలు విప్పబోతే కసిరింది. "తల్లిని పిలిచి, పని అయింది పొమ్మంటామా? విప్పమాక." ఆ రోజునుంచి, నిజంగా తల్లి వచ్చిన ఇల్లు ఎలా ఉండాలో మా రెండిళ్ళూ అలాగే ఉన్నాయి. తాలింపు వెయ్యలేదు. ఎవరింటికీ వెళ్ళలేదు. సాయిబు గారి విల్లు మోగలేదు, ఆయన భార్య కూడా మా అమ్మలాగే చప్పటి కూరలే వండింది. నాకు ఒంట్లో నలతైనా లేదు, ఆడుకోనివ్వడం లేదని అలిగేదాన్ని. నాయనమ్మ రోజూ తెల్లవారకముందే నన్ను లేపి, దీపం దగ్గర కూర్చోబెట్టి, జాకెట్టు పైకి జరిపి వీపంతా వేళ్ళతో తడిమి చూసేది. ఎందుకని అడిగితే చీమలు కుట్టాయేమోనని చెప్పేది.

రోజులు నిండాయని ఆవిడకి నమ్మకం కుదిరాక నాకు పసుపునీళ్ళు పోశారు. సాయిబు గారి భార్య పెరుగన్నం కలిపి తెచ్చి మా అమ్మ నైవేద్యం పక్కన పెట్టింది. అప్పటికి కోడలు లేచి గోడ పట్టుకుని నడుస్తోంది. మండలు విప్పి కాలవలో వదిలి వచ్చాక నాయనమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుని వీధి వీధంతా వినపడేలా ఏడ్చింది. ఏడుస్తూ నన్ను పిలిచిన పేరు నాది కాదు, మా మేనత్తది.

మా నాయనమ్మకి చాలా ధైర్యమట కదా అని ఇప్పుడు మా పిల్లలు అడుగుతుంటారు. అవుననే చెబుతాను. కానీ ధైర్యం అన్న మాట ఎక్కడ విన్నా నాకు గుర్తొచ్చేది ఆ గుమ్మం కాదు. దీపం వెలుగులో, నా వీపు మీద పొక్కుల కోసం వెతికిన ఆ వేళ్ళు. అవి రోజూ వణుకుతూనే ఉండేవి.