టోస్టు చల్లార్చుకు తినే మాస్టారు

మా ఇన్‌స్టిట్యూట్ ఓనరు వాట్సాప్ గ్రూపులో "మన బ్రిటన్ సార్ ఇక లేరు" అని రాసి, కింద దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా అతికించాడు. గుండెపోటట. పొద్దున్నే చాయ్ పెట్టుకుందామని లేచి వంటింట్లోనే కూలబడిపోయాడట. చదవగానే నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. వచ్చే ఆదివారం మా బ్యాచ్ ఆఖరి బ్రేక్‌ఫాస్టు. ఎగ్గొట్టడానికి ఈ మనిషికి అదే దొరికిందా అనుకున్నాను.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను. కాకపోతే మీరు కాస్త ఓపిక పట్టాలి. అందరి విషయంలో బియ్యంలో రాళ్ళు ఏరుతాం, ఈయన విషయంలో రాళ్ళలో బియ్యం ఏరుకోవాలి.

చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద చెప్పుల షాపు పైన ఉంటుంది మా ఇన్‌స్టిట్యూట్. కాల్‌సెంటర్లలో చేరబోయే పిల్లలకు ఇంగ్లీషూ, దాంతోపాటు అవతలి దేశం వాళ్ళ అలవాట్లూ నేర్పుతాం. ఆయనది బ్రిటన్ క్లాసు, నాది అమెరికా క్లాసు. మా ఇద్దరిలో ఎవరూ ఏ దేశమూ చూడలేదు. ఆయన ఒకప్పుడు ఫోన్లో ఇంగ్లండు వాళ్ళ ఫిర్యాదులు వినే ఉద్యోగం చేశాడు, నేను అమెరికా వాళ్ళవి విన్నాను. ఆ మాత్రానికే ఆయన లండన్ వంటింట్లో బోర్లా పడి పారాడినట్టు మాట్లాడేవాడు. ఇంతకీ పుట్టింది కొత్తపేటలో.

రెండు క్లాసుల మధ్య ఉన్నది చెక్క గోడ. నేను ఇటు "అమెరికాలో చాలామంది పొద్దున పెద్ద కప్పుతో కాఫీ తీసుకుని కారులోనే తాగేస్తారు" అని చెబుతుంటే, అటునుంచి వినపడేది: "కూసొని తాగనీకి జాగ లేదా మేడం వాళ్ళకు? ఇల్లెందుకు కట్టుకున్నరు మరి?" పిల్లలు గొల్లున నవ్వేవాళ్ళు. నేను ఊరుకునేదాన్నా? బ్రిటన్‌లో టోస్టును నిలబెట్టడానికి ఒక స్టాండు ఉంటుంది. రొట్టె ముక్కల మధ్య గాలి ఆడి, మెత్తబడకుండా ఉంటుందని దాని ఉద్దేశం. "వేడి వేడి రొట్టెను పనిగట్టుకుని చల్లార్చుకు తినే జాతి ప్రపంచంలో అదొక్కటే, మాస్టారూ!" అని గోడకేసి అరిచేదాన్ని.

మాస్టారూ అన్న పిలుపు ఆయనకు పడేది కాదు. "గా మీ ఆంధ్ర పిలుపు నాకొద్దు. సార్ అనుండ్రి" అనేవాడు. అందుకే చివరిదాకా మాస్టారూ అనే పిలిచాను.

అసలు గొడవ తెల్లవాళ్ళ తిండి గురించి కాదని మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. మాది కృష్ణా జిల్లా. పొద్దున పెసరట్టు, దానిమీద ఫిల్టర్ కాఫీ పడితేగాని నాకు మనిషి కనపడడు. ఆయనకు కిచిడీ, చింతపండు ఖట్టా, రెండు కప్పుల చాయ్. మెట్రో స్టేషన్ కింద ఒకే టిఫిన్ బండి దగ్గర చెరో పక్కా నిలబడి, ఒకరి ప్లేటు మీద ఇంకొకరు విసుర్లు విసురుకునేవాళ్ళం. ఓ రోజు నా పెసరట్టులోకి తొంగిచూసి, "అట్టుల ఉప్మా పెట్టుడేంది మేడం? తిండిల తిండి! దుప్పటి మీద దుప్పటి కప్పినట్టు" అన్నాడు. పొద్దున్నే చింతపండు పులుసు తాగేవాళ్ళ కడుపు ఏ రేకుతో చేశారో అని నేనన్నాను. అప్పుడు ఆయనే నవ్వి, "మనిద్దరం ఒక్క భాష మాట్లాడుతం, ఒక్క తీరుగ తినం. గా తెల్లోళ్ళ సంగతి వేరే నేర్పాల్నా? పిల్లలను గీ బండి కాడికి తోలుకొస్తే సాలు" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. నచ్చిందని చెప్పలేదు.

పాఠం మాత్రం బాగా చెప్పేవాడు, చెప్పకపోతే పాపం. "మా పని బాగున్నదా అని ఇంగ్లండాయన్ను అడిగితే, ఫర్వాలేదు అంటడు. గట్లన్నడంటే పండుగ జేస్కోండ్రి. అంతకు మించి వాని నోట్లకెల్లి రాదు. గదే మేడం వాళ్ళ అమెరికాయన ఉత్త ఇడ్లీకి గూడ అద్భుతం అంటడు. ఇగ బిర్యానీకి ఏమంటడు? ఉన్న మాటలన్నీ పొద్దుగాలనే ఒడగొట్టుకుంటడు!" ఈ పాఠం విన్న పిల్లలు ఉద్యోగంలో తిట్టుకూ మెప్పుకూ తేడా తెలుసుకుని బతికారు. నా క్లాసు పిల్లలు కూడా గోడవతల నుంచి విన్నారు.

ప్రతి బ్యాచ్ చివర్లో డాబా మీద బ్రేక్‌ఫాస్టు పెట్టేవాళ్ళం. ఆయనదొక టేబులు, నాదొక టేబులు. పిల్లలు ఎటు కూర్చుంటే అటు గెలిచినట్టు. ఆయన టేబులు మీద చల్లారిన టోస్టు, ఆ దేశపు బీన్స్ అని చెప్పి టమాటా సాసులో ఉడికించిన రాజ్మా, కెటిల్ నిండా చాయ్. నా టేబులు మీద పాన్‌కేకులని చెప్పి దోసె పెనం మీద పోసిన మందపాటి మైదా అట్లు, వాటిమీదికి మేపుల్ సిరప్ అని చెప్పి వెనీలా కలిపిన బెల్లం పాకం, కాఫీ. "బొబ్బట్టును ఉల్టా జేసినట్టున్నది" అని వెక్కిరిస్తూనే ఒకసారి ఓ అట్టు తిన్నాడు. నమిలి, మింగి, "ఫర్వాలేదు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. అరగంట తర్వాత మా క్లాసు అమ్మాయి నా చెవిలో, "మేడం, బ్రిటన్ లెక్కల గట్లంటే మస్తు మెచ్చుకున్నట్టు" అంది. అప్పుడు ఇంకా కోపం వచ్చింది.

ఆ బ్రేక్‌ఫాస్టు మొదలయ్యే పద్ధతి ఒకటుంది. ఉడికించిన గుడ్డును పెంకుతోనే చిన్న చాయ్ గ్లాసులో నిలబెట్టేవాడు. చెంచాతో నెత్తిన తట్టి, మూత తీసినట్టు తీసి, లోపలిదంతా తవ్వుకు తినేవాడు. తిన్నాక ఖాళీ పెంకును తలకిందులుగా గ్లాసులో పెడితే, ముట్టని గుడ్డులాగే కనపడుతుంది. ఇంగ్లండులో పిల్లలు ఇలా పెద్దవాళ్ళను ఆటపట్టిస్తారని ఫోన్లో ఒక ముసలావిడ చెప్పిందట, తన గ్యాసు స్టవ్వు గోల చెబుతూ మధ్యలో. ఆ గ్లాసు నా ముందుకు తోసి, "మేడం, మీ కోసం దాసిన" అనేవాడు. ఖాళీ అని నాకు తెలుసు, పిల్లలకు తెలుసు, ఆయనకు తెలుసు. అయినా నేను చెంచాతో కొట్టాలి, పెంకు పుటుక్కున లోపలికి పోవాలి, అందరూ కేకలెయ్యాలి. అప్పటిదాకా ఎవరూ ముద్ద ముట్టేవాళ్ళు కాదు. ఎన్ని బ్యాచ్‌లు గడిచాయో, ఒక్కసారి కూడా నాకు నిండు గుడ్డు పెట్టలేదు మహానుభావుడు.

కిందటేడు అమెరికా క్లాసుకు పిల్లలు తగ్గితే, ఓనరు నన్ను మానిపించేద్దామనుకున్నాడట. ఈయన ఆఫీసు గదిలోకి వెళ్ళి, "ఒక్క టేబులుతోని బ్రేక్‌ఫాస్టు కాదు. దోస్తు లేకున్నా బతుకుతరు, దుష్మన్ లేకుంటే బద్ధకమొస్తది. ఆమెను తీసేస్తే నేను గూడ రాను" అన్నాడట. ఈ సంగతి ఆయన పోయాక ఓనరు చెప్పాడు. చూశారా! నాకు తెలిస్తే ఒద్దని పోట్లాడేదాన్ని కదా. ఆ అవకాశం కూడా ఇవ్వకుండా మేలు చేసి పోయాడు. దీనికి ఆయనను క్షమించడం నావల్ల కాదు.

మూడోరోజు పిట్టకు పెట్టారు. ఎల్బీనగర్ అవతల శ్మశానంలో, గోడ పక్కన విస్తరి వేసి పోయినాయనకు ఇష్టమైనవన్నీ వడ్డించారు. కాకి వచ్చి ముడితే ఆత్మ తృప్తి పడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. మటన్ కూర, కిచిడీ, చాయ్, టోస్టు. మరిచిపోకుండా చాయ్ గ్లాసులో ఓ ఉడికించిన గుడ్డు కూడా పెట్టారు. కాకి గోడమీదే కూర్చుంది. దిగదు.

"తమ్మీ, నీ పిల్లలను మేం జూసుకుంటం, రా" అని ఆయన అన్నగారు చేతులు జోడించాడు. కాకి కదల్లేదు. చెల్లెలు ఏడుస్తూ మొక్కింది. కదల్లేదు. ఎండ ముదిరింది, ఆయన భార్య మొహం పాలిపోయింది. ఆమె నేరుగా నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది.

"మేడం, మీరొక్క మాట అనుండ్రి. రోజు ఇంటికొచ్చి మీ ముచ్చటే జెప్తుండె. గియ్యాల గిట్ల కొట్లాడిన, మేడం గట్ల అన్నది అని. ఆయన మనసుల ఏమున్నదో మీకే ఎర్కుంటది."

ఏమనాలో నాకు తెలుసు. మీరే గెలిచారు మాస్టారూ, అంటే సరిపోతుంది. కానీ ఎలా అనను? మనిషి పోయినంత మాత్రాన చల్లారిన టోస్టు రుచిగా అయిపోతుందా?

విస్తరి దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చున్నాను. కూర గిన్నెలోంచి చెంచా తీసుకుని గుడ్డు నెత్తిన తట్టి, పైపెంకు ఒలిచి, తినడం మొదలుపెట్టాను. వెనక గగ్గోలు. "ఏం జేస్తున్నవమ్మా! పిట్టకు పెట్టింది ఎంగిలి జేస్తరా ఎవరన్నా?" అని అన్నగారు మీదికొచ్చాడు.

"ఉండనియ్యి బావా" అంది ఆయన భార్య. "ఆమెను ఉండనియ్యి."

గుడ్డు ఎప్పుడో చల్లారిపోయింది. కళ్ళు తుడుచుకుంటూ అడుగుదాకా తవ్వి తిన్నాను. "ఫర్వాలేదు" అన్నాను, ఆ గోడకేసి. తర్వాత ఖాళీ పెంకును తలకిందులుగా గ్లాసులో పెట్టి, విస్తరి నడిమధ్యకు తోశాను.

"మాస్టారూ, మీకోసమే దాచాను."

వెనక్కి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాను. కాకి దిగింది. మటన్‌ను దాటింది, కిచిడీని దాటింది, టోస్టు వైపు చూడనైనా చూడలేదు. గ్లాసు దగ్గరికెళ్ళి గుడ్డును ఒక్క పోటు పొడిచింది. పుటుక్కుమని పెంకు లోపలికి పోయింది. పక్కన ఆయన భార్య ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. కాకి తల పక్కకు వంచి, ఆ చిల్లులోకి ఒక కన్ను పెట్టి, లోపల ఏమీ లేదని నమ్మలేనట్టు, చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది.