తనంతట మూసుకునే తలుపు

మా ఇంట్లో అంగడికి పోయి కొత్తగా కొన్న వస్తువు ఏదైనా ఉందంటే అది నా మెడలో తాళిబొట్టే. అదైనా పెళ్లికి ముందు కొన్నారు కాబట్టి సరిపోయింది. ఆ తర్వాతైతే మా ఆయన ఒక ఆదివారం పూట కూర్చుని దాన్ని కూడా తనే చేసేసి ఉండేవాడు.

ఆయన కర్నూల్లో పైపులమ్మే అంగట్లో పనిచేస్తాడు. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. పగిలిన పైపు, మూతలేని డబ్బా, ఎవరో వద్దని వదిలేసిన కుళాయి. అవన్నీ కొన్నాళ్లకు మా ఇంట్లో ఏదో ఒకటి అవుతాయి. బట్టలారేసే దండెం, చెప్పుల అర, పాత డ్రమ్ముతో కూలరు. కూలర్లో గాలి బాగానే వస్తుంది, కాకపోతే ఫ్యాను ఆగిపోకుండా ఎవరో ఒకరు అప్పుడప్పుడు లేచి దాని నెత్తిన ఒక దెబ్బ వేయాలి. ఆయన చేసిన ప్రతిదానికీ ఇలాంటి తిరకాసు ఒకటి ఉంటుంది. కొన్న వస్తువు దాని పని అది చేసుకుంటుంది. మా ఇంట్లో వస్తువుకు పక్కన ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి నేనే.

ఆయన చెడ్డవాడు కాదు, ఈ మాట ముందే చెప్పాలి. తాగడు, కసరడు, కూరలో ఉప్పు ఎక్కువైందని కంచం తోసేయడు. నా ప్రాణానికి అదే వచ్చిపడింది. అరిచే మొగుడైతే తిరిగి అరవొచ్చు. చెమటలు కక్కుతూ ఏదో చేసి, "నీ కోసమే మే" అని నవ్వే మనిషిని ఏమని తిట్టాలి?

మేముండేది అద్దె ఇంట్లో, మొదటి అంతస్తు. ఇంటి యజమానురాలు కింద ఉంటుంది. పెద్దామె, ఒంటరిది. ఉర్దూలో అక్కను పిలిచినట్టు నేను ఆపా అని పిలుస్తాను. మా వంటింటి పక్కనుంచే మిద్దె మీదికి మెట్లున్నాయి. మిద్దెను మీరే వాడుకోండి అని ఆపా మంచి మనసుతో అంది. మా ఆయన చెవిన అలాంటి మాట పడకూడదు. వారం తిరక్కుండా అక్కడ తోట మొదలైంది.

అబద్ధం ఎందుకు, మొదట్లో నాకూ ముచ్చటగానే ఉండింది. మా చెట్టు టమోటాలు మొదటిసారి పప్పులో వేసిన రోజు ఇద్దరం ఒక ముద్ద ఎక్కువే తిన్నాం. పుంటికూర, అదే గోంగూర, కోసి ఆపాకు ఇస్తే ఆమె బదులుగా సేమియా పాయసం పంపింది. కూరగాయల బండి మా గుమ్మం ముందు ఆగడం మానేసింది. ఆయన ఆ విషయం అంగట్లో అందరికీ చెప్పుకున్నాడు.

చిక్కు బండల దగ్గర వచ్చింది. మట్టి కుండీలు కొనడం దండగ, ప్లాస్టిక్ కుండీలు ఎండకు పగిలిపోతాయి అని ఆయన లెక్క. ఆయనది రాయచోటి దగ్గర పల్లె. అక్కడ నేల బండ, అర బండ, అరుగు బండ, ప్రహరీ కూడా నిలువు బండలే. మా పుట్టింటి కోయిలకుంట్లలోనూ అంతే, కాదనను. మా వైపు మనిషికి ఏం కట్టాలన్నా ముందు బండే గుర్తొస్తుంది. బండల పాలిష్ ఫ్యాక్టరీ వెనక పారేసిన నల్లబండ ముక్కలు ఆటోలో వేసుకొచ్చి, నిలబెట్టి, సిమెంటుతో అతికి వరసగా తొట్లు కట్టాడు.

"బండకు సావు ల్యాదు మే. మన మనమలు గూడా ఈ తొట్లల్లోనే వంకాయలు కోసుకుంటారు చూడు" అన్నాడు.

పిల్లలింకా పుట్టలేదు, మనమలకు తొట్లు మాత్రం తయారయ్యాయి.

పల్లెలో బండ ఎందుకు చల్లగా ఉంటుందంటే అది నీడలో ఉంటుంది కాబట్టి. మిద్దె మీద కర్నూలు ఎండలో నిలబెడితే అది పెనమే. ఎండలు ముదిరేసరికి పైన ఆకులు పచ్చగా ఉండగానే అడుగున వేర్లు ఉడికిపోయాయి. ఇంకొకరైతే ఆ బండలు పీకి పారేసేవారు. మా ఆయన గోనెసంచులు తెచ్చి తొట్లకు చుట్టూ కప్పాడు. "తడి ఆరకుండా చూసుకుంటే సాలు, మే" అన్నాడు. ఎవరు చూసుకోవాలో చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

అప్పటినుంచి నా బతుకు గోనెలు తడపడమే. పొద్దున తడిపితే పది దాటేసరికి ఎండి అట్టలు కట్టేవి. మళ్లీ తడిపి వంట ముగించేసరికి మళ్లీ. కోయిలకుంట్లలో మా అక్క కూతురికి ఓణీల వేడుక చేశారు. పోయి రెండు రోజులుండి వస్తానన్నాను.

"పో, ఎవురొద్దన్న్యారు? గోనెలొకటే ఏం జేద్దామో ఆలోచన జెయ్" అన్నాడు.

ఆలోచన చేశాను. పొద్దున పోయి, అక్షింతలు వేసి, అన్నం కూడా తినకుండా బస్సెక్కి వచ్చేశాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. వంకాయ చెట్ల కోసం అక్క ఇంట్లో అన్నం వదిలేసి వచ్చానని ఎవరికి చెప్పుకోను? వినేవాళ్లు నవ్వుతారు.

పెళ్లికి ముందు నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేశాను. నేను చదివిందీ ఆ చదువే. ఎంత సన్నటి చేతికైనా నరం పట్టేదాన్ని. ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు "ఆ పాపనే రమ్మనండి" అని అడిగి మరీ నా దగ్గరకే వచ్చేవాళ్లు. ఈ వేసవిలో పెద్దాసుపత్రి వైపు ఒక ల్యాబులో మనిషి కావాలని పాత స్నేహితురాలు చెప్పింది. ఫోన్ చేస్తే, డాక్టరు గారు రేపు మధ్యాహ్నం వేరే ఊరికి పోతారు, ఆలోగా వచ్చి కలవండి అన్నారు. నాకు ఆ ఉద్యోగం కావాలి. జీతం కోసం కాదంటే అబద్ధమవుతుంది. కానీ జీతం కంటే, నన్ను పేరుపెట్టి అడిగే ఒక చోటు కావాలి. ఆ రాత్రి కలలో కూడా నరాలే కనపడ్డాయి.

మా ఆయన కాదనలేదు. "పోయిరా. పోయేముందు ఒకసారి గోనెలు తడిపి పో" అన్నాడు.

ఇక్కడ మిద్దె తలుపు సంగతి చెప్పాలి. మా వీధిలో కోతుల బెడద ఎక్కువ. పాత చెక్క తలుపు పుచ్చిపోతే ఆయన రేకుతో కొత్తది చేశాడు. ఇసుక నింపిన పైపు ముక్కను తాడుకు కట్టి చక్రం మీదుగా వేలాడదీశాడు. తలుపు వదిలేస్తే ఆ బరువుకు తనంతట తానే మూసుకుంటుంది, లోపలివైపు గడియ తనంతట తానే పడుతుంది. మిద్దె వైపునుంచి తీయాలంటే రేకు బొక్కలోంచి వచ్చే ప్లాస్టిక్ తాడు లాగాలి, గడియ లేస్తుంది. నాకు ఆ తాడు మీద నమ్మకం లేదు. మిద్దె మీద ఉన్నంతసేపూ తలుపుకు ఒక బండముక్క అడ్డం పెట్టుకునేదాన్ని.

మర్నాడు గంజిపెట్టిన నీలం నేతచీర కట్టుకున్నాను. సర్టిఫికెట్లు సంచిలో పెట్టాను. ఫోన్ వంటింట్లో ఛార్జింగ్‌కు పెట్టి, ముందు తలుపుకు లోపలినుంచి తాళం వేసి, గోనెలు తడిపి వద్దామని పైకెక్కాను. అడ్డం పెట్టే బండముక్క కనపడలేదు. చూస్తే కొత్త బీరపాదు తొట్టికి నాలుగో వైపు అదే. పొద్దున అంగడికి పోయేముందు అతికించాడు. ఊరికే పడి ఉన్నదాన్ని ఆయన చూసి ఊరుకోగలడా? చీపురు అడ్డం పెట్టి రెండు గోనెలు తడిపానో లేదో, గాలి విసురుకు చీపురు పడిపోయింది. తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది.

తాడు లాగాను. ఎండకు మాడిన తాడు పొడిపొడిగా చేతిలోకి వచ్చేసింది.

మొదట నవ్వొచ్చింది. తర్వాత తలుపును తన్నాను. రేకు సందులో వేళ్లు పెట్టి లాగాను. చీర కొంగు రేకు అంచుకు తగులుకుని చర్రున చినిగింది. కింద ఆపా లేదు, బంధువుల పెళ్లికి నంద్యాల పోయింది. కేకలు వేశాను. వీధిలో ప్రతి ఇంటి తలుపూ మూసి ఉంది, ప్రతి ఇంట్లోనూ కూలరు రొద. వంటింట్లో నా ఫోన్ మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. అది ల్యాబువాళ్లదేనని నాకు తెలుసు. నా కాళ్ల కిందే ఉంది, అందదు. చెప్పులు మెట్ల మీదే విడిచాను, కాళ్లు కాలుతున్నాయి. ఒక గోనె పీకి తడిపి దాని మీద నిలబడ్డాను. నేనూ వంకాయ చెట్లూ ఒకే వరసలో, తడిగోనెల మధ్య. అప్పుడు భయమేసింది. ఎండకు కాదు. నేనెక్కడ ఉన్నానో చూసుకుంటే వేసిన భయం అది.

ఇంతలో మైకులో ఉల్లిపాయల రేటు అరుస్తూ ఎర్రగడ్డల బండి వచ్చింది. మైకు అరుపులో నా అరుపు కలిసిపోయింది. వంకాయ కోసి విసిరాను. తగల్లేదు. ఇంకోటి విసిరాను. మూడోది బండిలో పడింది. బండాయన తలెత్తి చూసి, మైకు కట్టేసి, వంకాయ తిప్పి చూశాడు.

"శానా లేతగుండాయమ్మా. కేజీ ఎట్లిస్తావు?"

"ఊరికే తీసుకో అప్పా. ఈడ చిక్కుకోనుండా. మా ఆయనకు ఫోన్ జెయ్!"

ఒక్కో అంకె అరిచి చెప్పాను. ఆయన చేశాడు. రెండో తాళంచెవి మా ఆయన దగ్గరే ఉంది. "వస్తాండాడంటమ్మా, లోడు దించుతాండారంట" అని చెప్పి, రోడ్డు మీద పడ్డ వంకాయలు కూడా ఏరుకుని పోయాడు. ఊరికే నిలబడలేక మిగతా గోనెలు కూడా తడిపేశాను. మసీదులో మధ్యాహ్నం నమాజుకు పిలుపు వినిపించిన తర్వాత మా ఆయన వచ్చి గడియ తీశాడు. నా మొహం చూసి కంగారుపడ్డాడు. చెంబుతో నీళ్లు తెచ్చి తాగించాడు, కాళ్ల మీద పోశాడు. తర్వాత ఆయన కళ్లు తొట్ల వైపు పోయాయి.

"గోనెలన్నీ తడిపినావు గదా, అదే పదివేలు" అన్నాడు.

ల్యాబుకు ఫోన్ చేశాను. నేను రాలేదని ఇంకొకామెను తీసుకున్నారట. నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోతే మా ఆయన పక్కన కూర్చున్నాడు. "పోనీ లేమే. రానూపోనూ ఆటోలకే సగం పోతాండె" అని ఓదార్చాడు. ఆయన నిజంగానే ఓదార్చాడు. 

తలుపు సంగతి చూడమని మాత్రం చెప్పాను. ఆదివారం పొద్దున్నే పనిముట్ల డబ్బా తీసుకుని పైకి పోయాడు. డ్రిల్లు చప్పుడు, సుత్తి చప్పుడు. భోజనం వేళకు "రా మే, చూద్దువు గాని" అని పిలిచాడు.

తలుపు అదే, గడియ అదే. కొత్త నైలాన్ తాడు కట్టాడు. తలుపు పక్కన పైపులు నాటి, పైన నీడకు నా నీలం నేతచీర కట్టాడు, చినిగిన కొంగుతో సహా. కింద ఎండ తగలకుండా నల్లబండతో చిన్న అరుగు. అరుగు పక్కన నీళ్లకుండ, మూత, గ్లాసు. గోడకు బెల్లు స్విచ్చి, దాని వైరు ఆపా ఇంట్లోకి.

"ఒకవేళ మళ్లా తలుపు పడినా నీకు కష్టముండదు. నీడుండాది, నీళ్లుండాయి. ఎంతసేపైనా కూసోవచ్చు" అన్నాడు. రూపాయి ఖర్చు కాలేదని కూడా చెప్పాడు.

కూర్చోమన్నాడు. కూర్చున్నాను. హాయిగా ఉంది. ఆ హాయికే భయపడి లేచేశాను.

మర్నాడు ఆపా బెల్లు ఎందుకో అడగడానికి పైకి వచ్చి అంతా చూసింది. "అరె, తలుపు బాగుజేయమంటే గొడుగు కట్టినాడా నీ మొగుడు?" అంది. ఇద్దరం నవ్వాం. ఆపా ఆపేసింది. నేను ఆపలేకపోయాను. చివరికి ఆమె నా తల పట్టుకుని భుజానికి ఆనించుకుంది.

ఆమె పోయాక ఆయన డబ్బాలోంచి స్క్రూడ్రైవర్ తీశాను. గడియ ఊడదీశాను. తాడు విప్పి, పైపులోని ఇసుక కొత్తిమీర తొట్లో పోశాను. ఈ ఇంట్లో నాకు నేనుగా చేసిన మొదటి పని అది. స్క్రూలు పారేయలేదు, తెచ్చి ఆయన డబ్బాలోనే వేశాను.

సాయంత్రం ఆయన తలుపును రెండుసార్లు వేసి తీసి చూశాడు. "గడియ యాడ పోయె?"

"తీసేసినా."

"కోతులొస్తాయి గదా మే."

"రానీ" అన్నాను.

గోనెలు ఇప్పటికీ నేనే తడుపుతున్నాను. ఫోన్ మాత్రం కొంగున ముడేసుకుని పైకి పోతాను. ఇంకో రెండు ల్యాబుల్లో చెప్పి వచ్చాను, పిలుపు రాలేదు. గాలి లేచినప్పుడల్లా మిద్దె తలుపు దబదబా కొట్టుకుంటుంది. ఆయన కలిపిన ముద్ద కంచంలోనే ఆపి, గడియ మళ్లీ బిగించనా అన్నట్టు నా వైపు చూస్తాడు. నేను ఆయనకు ఇంకాస్త వంకాయ కూర వడ్డిస్తాను.