పెద్దమ్మ ఒప్పుకోని ముగింపు

శుక్రవారం పొద్దున్నే కబురు వచ్చింది, మా పెద్దమ్మ పోయిందని. చీరాలలో బస్సెక్కి నేను ఊరు చేరేసరికి ఆమెను వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. కడుపులో పుండు నెలల తరబడి తినేసిన మనిషి. చిన్నపిల్లంత అయిపోయింది.

ఆమె మీకు తెలియదు. కానీ మా ఊళ్ళో చదువురాని ఆడవాళ్ళకు నవల అంటే ఏమిటో తెలిసింది ఆమె వల్లే. మిరపకాయలకు తొడిమలు తీసే రోజుల్లో, అద్దె పుస్తకాల కొట్టు నుంచి తెప్పించిన నవలను వసారాలో కూర్చుని పైకి చదివేది. వినేవాళ్ళు ఆమె వంతు తొడిమలు కూడా తీసేవాళ్ళు. కాయల ఘాటుకు ఎవరైనా తుమ్మితే ఆగి, ఆ వాక్యం మళ్ళీ మొదటి నుంచి చదివేది. "కథ వింటుంటే చేతికి పని బరువు తెలవదే" అనేది. ఇవాళ నేను నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ గొంతు పుణ్యమే.

రెండేళ్ళ కిందట ఒక నవల చదివింది. చిన్ననాటి నుంచి ముసలితనం దాకా ఇద్దరు ఆడవాళ్ళ స్నేహం. చివరికి ఒకామె చావుబతుకుల్లో ఉంటే, మొగుడు వద్దన్నాడని రెండో ఆమె చూడటానికి రాదు. నవల అక్కడితో అయిపోతుంది. అంతే, వసారా రెండు జట్లయింది.

"అదేం స్నేహమమ్మా? గోడ దూకైనా రావద్దూ?"

"దూకొచ్చి, తర్వాత ఎక్కడ బతికిద్ది?"

"అత్త, మొగుడు, పాడి గేదె ఇన్ని ఉంటే, వాళ్ళకసలు స్నేహానికి తీరికెక్కడిదే?"

ఆ వసారాలోనే పెద్దమ్మ ప్రాణస్నేహితురాలు కూడా ఉంది. పక్కవీధి ఆమె, నాకు పిన్ని వరస. ఇద్దరిదీ ఒకే పుట్టినూరు. ఒకే వేసవిలో ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చారు. పిన్ని తలెత్తకుండా అంది: "రాసినామె ఉన్నదే రాసిందే. ఆడదాని కాళ్ళు ఆడదాని మాట వింటయ్యా?"

పెద్దమ్మకు కోపం వచ్చింది. "బతుకులో ఎట్టాగూ రానియ్యరు. కథలోనన్నా రానియ్యొచ్చుగా! ఈ ముగింపు నేనొప్పుకోను" అని పుస్తకం ఠపీమని మూసేసింది.

మరుసటి ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. పెదనాన్న ముందుగా మందు కొట్టించాడు. దోమంతా లేచి పక్కనున్న తన చేలో వాలిందని పిన్ని మొగుడు తగాదాకు వచ్చాడు. చివరికి రెండు చేలూ పోయాయి. దోమను ఏమీ చేయలేని మగవాళ్ళు ఆడవాళ్ళ రాకపోకలు ఆపారు. పెద్దమ్మ వాళ్ళ గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతానని అతను నడివీధిలో పెళ్ళాం మీద అరిచాడు.

పెద్దమ్మ జబ్బుపడ్డాక మంచం వాకిలి వైపు వేయించుకుంది. పిన్ని రాలేదా అని అడిగితే, "రాదులే. దాన్నేం అనబాక, పాపం" అంది. నవల రాసినామెను చివరిదాకా క్షమించని మనిషి, పిన్నిని ఒక్క మాటతో క్షమించేసింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఊరి బయట దింపుడు కళ్ళం దగ్గర పాడె దించారు. మా వైపు ఆడవాళ్ళం అక్కడిదాకానే వెళ్తాం. ప్రాణం ఉంటే పలుకుతారన్న ఆశతో అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పిలవాలి. పెద్దమ్మ కొడుకు వంగి "అమ్మా" అని పిలిచి లేచాడు.

అప్పుడు పత్తి మోళ్ళ మీదుగా చేనుకు అడ్డంపడి పిన్ని వచ్చింది. కాళ్ళకు చెప్పుల్లేవు. వెనక గట్టు మీద ఆమె మొగుడు కేకలేస్తున్నాడు. "పిలవాల్సింది అయినవాళ్ళమ్మా, నువ్వు పక్కకు జరుగు" అన్నాడు ఒక పెద్దాయన.

"పిలవనీండి" అన్నాడు పెదనాన్న.

పిన్ని నేల మీద కూలబడి పెద్దమ్మ చెవి దగ్గర నోరు పెట్టింది. "ఒసేయ్, వచ్చానే" అంది. రెండోసారి కొంచెం గట్టిగా అంది. మూడోసారి గట్టు మీది కేకలు మాకెవరికీ వినపడలేదు.

పెద్దమ్మ పలకలేదు. పాడె లేచింది, మగవాళ్ళు ముందుకు సాగారు. మేం ఊళ్ళోకి మళ్ళాం. "రా పిన్నీ" అని చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంది. పాడె దించిన చోటే కూర్చుండిపోయింది. గట్టు మీద ఆమె మొగుడు ఇంకా నిలబడే ఉన్నాడు.